వట్టివేళ్ళ అత్తరు



మా నాయనగారు వేసవికాలమున సాయంకాల స్నానము ముగించి, ఉతికిన ధోవతి కట్టుకొని, వీథియరుగు మీదికి వచ్చి కూర్చుండుటకు ముందు ఒక పని చేయుచుండిరి. గోడగూటిలోని చిన్న చెక్కపెట్టె తీసి, అందులో వ్రేలెడు పొడవున్న సీసా మూత విప్పి, పుల్లకొనకు చుట్టిన దూదికి ఒక్క చుక్క అంటించి, ఆ దూదిని కుడిచెవి పైమడతలో ఉంచుకొనుచుండిరి. వ్రేలికంటిన తడిని మీసముల మీద రాచుకొనుచుండిరి. అంతే. ఆ తరువాత రాత్రి భోజనముల వేళవరకు ఆయన ప్రక్కన కూర్చున్నవారికి, నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తడిక ప్రక్కన కూర్చున్నట్లుండెడిది. నాలుగు బారల దూరమున నున్నవారికి మాత్రము ఏమియు తెలియదు.

ఆ సీసా మాకు అత్తరు సాయిబు ఇచ్చినది. అట్టివారిని మీలో పలువురు చూచియే యుందురు. భుజమునకు పెట్టె తగిలించుకొని, ఏడాదికొకటి రెండుమారులు ఊరికి వచ్చి, పెద్దల అరుగుల మీద పెట్టె విప్పి, ఒక్కొక్క సీసా మూత తీసి మణికట్టు మీద రాచి, “ఇప్పుడే చెప్పవద్దు బాబుగారూ, రేపు ప్రొద్దున చెప్పండి” అని పోయెడివాడు. ఈ మాటలోని అర్థము నాకు బోధపడుటకు ముప్పది యేండ్లు పట్టినది.

నాడు మా ఈడు కుర్రవారమందరము ఆ వాసనను “తాతల వాసన” అని నవ్వుకొనుచుంటిమి. మాకు పౌడరు కావలెను, పట్టణమునుండి వచ్చిన చిమ్ముడు సీసా కావలెను. ఇప్పుడు నాకు డెబ్బది దాటినవి. నేనును చెవిమడతలో దూది పెట్టుకొనుచున్నాను. మనుమలు నవ్వుచున్నారు. వయసు వచ్చినకొలది మనుష్యుడు తండ్రివలె అగునని సరిపుచ్చుకొనవచ్చును గాని, ఈ యభిరుచికి కారణము కొంతవరకు ఆ వస్తువునందే యున్నదని నాకు తోచుచున్నది. ఆ సంగతిని, ఆ వస్తువు ఎట్లు మారిపోవుచున్నదో ఆ సంగతిని, నాకు తెలిసినంత మనవి చేసెదను.

వట్టివేరు మీకు క్రొత్త కాదు. ఇది గడ్డిజాతి మొక్క. సంస్కృతమున ఉశీరమందురు, హిందుస్థానీలో ఖస్ అందురు. అరవములోని వెట్టివేర్ అను మాటను ఫ్రెంచివారు పట్టుకొనిపోయి తమ భాషలో కలుపుకొనిరి. నేడు ప్రపంచమంతటను ఆ పేరే చెల్లుచున్నది. పరిమళమంతయు వేరునందే యున్నది. ఆకులో వెదకిన దొరకదు. తక్కిన గడ్డివేళ్ళవలె ఇది ప్రక్కలకు ప్రాకదు. నిట్టనిలువుగా నేలలోనికి దిగును. మంచి నేల దొరకిన మూడు మీటర్లకు పైగా దిగును. అందుచేతనే గట్లకు ఇది మంచి కాపు. 1980 తరువాత ప్రపంచబ్యాంకు వ్యవసాయ నిపుణులు మట్టికోతను అరికట్టుటకు దీనిని దేశదేశముల ప్రచారము చేసిరి. మైసూరు వైపు గుండ్లుపేట ప్రాంతపు రైతులు అంతకు చాల పూర్వమునుండియే తమ పొలముల హద్దులకు దీనిని వరుసగా నాటుకొనుచుండిరి. ఇందొక చిక్కున్నది. గట్టును కాపాడవలెనన్న వేరు నేలలో ఉండవలెను. అత్తరు కావలెనన్న వేరును పెకలింపవలెను. ఒకే వరుసతో రెండును సాధింప జూచినవాడు గట్టును పోగొట్టుకొనును. అత్తరు నిమిత్తము సాగుచేయువారు ఇసుక పాలు గల నేలలో వేరుగా మడి వేసి, ఏడాది దాటిన పిమ్మట త్రవ్వుదురు. ఇసుకనేలలో వేరు తెగకుండ వచ్చును. నల్లరేగడిలో సగము నేలపాలగును.

ఉత్తర హిందూస్థానమున బీళ్ళలో తనంత పెరుగు వట్టివేరు విత్తనము పట్టును. దక్షిణమున పెంచునది సామాన్యముగా విత్తనము పట్టదు, పిలకలతో నాటవలసినదే. ఈ భేదము నూనెలో గూడ కనబడును. ప్రత్యేకముగా వడగట్టిన కాంతిని ఈ నూనెలగుండ పంపినచో, ఉత్తరాది నూనె దానిని ఎడమకు త్రిప్పును, దక్షిణాది నూనె కుడికి త్రిప్పునని రసాయనశాస్త్రజ్ఞులు కనుగొనిరి. చూచుటకు ఒకే గడ్డి. లోపలి సరకు వేరు.

ఇక అత్తరు అనగా నేమి? వేళ్ళను నీటిలో కాచి, ఆవిరిని చల్లార్చి, పైకి తేలిన నూనెను మాత్రమే తీసినచో దానికి రూహ్ అని పేరు. రూహ్ అనగా ప్రాణము. ఆ ఆవిరిని చందనపు నూనెలోనికి పంపి, ఆ నూనెచేత పరిమళమును పట్టించినచో అది అత్తరు. గులాబి, మల్లె, మొగలి మొదలగునవన్నియు ఈ విధముగా చందనములోనికి దిగినవే. చందనము తాను ముందునకు రాదు. వచ్చినదానిని కూర్చుండబెట్టి, పోనీయక పట్టుకొనును. పెండ్లిండ్లలో మనము గంధము పూసి, దానిమీద పన్నీరు చిలుకరించుచున్నాము గదా. ఆ రెండింటి పొత్తే అత్తరులోను ఉన్నది.

సుగంధములు కూర్చు విద్య మనకు ప్రాచీనమైనదే. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమునే వ్రాసెను. పన్నెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుడు మానసోల్లాసమున రాజు అనుభవింపదగిన భోగములలో మైపూతలను చేర్చెను. అక్బరు కొలువులో సుగంధములకు ప్రత్యేకముగా ఒక శాఖ యుండెను. అబుల్ ఫజలు తన అయినీ అక్బరీలో వాని పాళ్ళను, వెలలను గూడ వ్రాసిపెట్టెను. జహంగీరు తన స్వీయచరిత్రలో గులాబీ అత్తరును కనిపెట్టిన ఘనతను తన అత్తగారికి, అనగా నూర్జహాను తల్లికి, ఇచ్చెను. వీరందరును పురుషులకొక వాసన, స్త్రీలకొక వాసన అని నేటి దుకాణములవలె గిరిగీసినవారు కారు. అయినను ఋతువును బట్టి ఎంచుకొను మర్యాద యొకటి ఏర్పడినది. ఎండకాలమున వట్టివేరు, గులాబి, మల్లె. చలికాలమున హెన్నా, శమామా వంటి వేడిసరకులు. శమామా అను దానిలో మూలికలు, సుగంధద్రవ్యములు పదులకొలది పడును. మా నాయనగారు సంక్రాంతి దాటువరకు వట్టివేరు సీసా ముట్టెడివారు కారు.

కొలువులలోను, పెద్దల ఇండ్లలోను సభ ముగియునప్పుడు అత్తరు, తాంబూలము ఇచ్చు ఆచారముండెను. అత్తరు పూసిరన్న, ఇక సెలవు పుచ్చుకొనవచ్చునని అర్థము. హైదరాబాదున చార్మినారు చుట్టుపట్ల వీథులలో అత్తరు దుకాణములు ఇప్పటికిని ఉన్నవి. అచ్చటి వర్తకుడు మనలను చూడగనే ముందు చేయి చాపుమనును. ముక్కుదగ్గరకు సీసా తేడు. సీసాలోని వాసన వేరు, చర్మము మీది వాసన వేరు అని వానికి తెలియును.

2003 సంవత్సరమున నాకు కన్నోజు చూచు భాగ్యము కలిగినది. ఇది ఉత్తరప్రదేశమున, కాన్పూరునకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున, గంగ సమీపమున నున్న పట్టణము. ఏడవ శతాబ్దమున హర్షుని రాజధాని. ఇప్పుడు అత్తరులకు రాజధాని. 1991లో ప్రభుత్వము వారు ఇచ్చట సుగంధద్రవ్యముల పరిశోధనకొక కేంద్రమును స్థాపించిరి. నేను చూడగోరినది మాత్రము పాత బట్టీ.

ఒక రేకుల పాకలో మట్టిపొయ్యిలు వరుసగా నున్నవి. ఒక్కొక్క పొయ్యి మీద పెద్ద రాగి డేగిసా. దానిని వారు డేగ్ అందురు. అందులో కడిగి నానబెట్టిన వేళ్ళు వేసి నీరు పోసిరి. మూత పెట్టి, అంచుల చుట్టు దూది కలిపిన బంకమట్టి మెత్తిరి. ఆవిరి పోవుటకు సందు లేదు. మూతనుండి ఒక వెదురు గొట్టము క్రిందికి వంగి వచ్చును. దానికి ఆసాంతము త్రాడు చుట్టియుండును. ఆ గొట్టపు రెండవకొన, పొడవైన మెడ గల గుండ్రని రాగిపాత్రలోనికి దిగును. దాని పేరు భప్కా. భప్కా నీళ్ళతొట్టిలో మునిగియుండును. అత్తరు తీయునప్పుడు అందులో ముందుగానే చందనపు నూనె పోసియుంతురు. ఆవిరి వచ్చి, చల్లబడి, నీరై నూనెతో కలియును. పరిమళము నూనెను పట్టుకొనును. నీరు అడుగున నిలుచును. మరునాడు ఆ నీటిని అడుగునుండి వంచి, తిరిగి డేగ్‌లో పోయుదురు, అందులో ఇంకను మిగిలిన వాసన పోకుండుటకు.

అక్కడ వేడి కొలుచు యంత్రము నాకు కనబడలేదు, గడియారము కనబడలేదు. ఒక ముదుసలి పనివాడు పొయ్యినుండి పొయ్యికి తిరుగుచు, తొట్టిలో చేయి పెట్టి భప్కా మెడను తడిమి చూచుచుండెను. వేడి హెచ్చినదని తోచిన డేగ్ మీద తడిగుడ్డ వేసి రాచుచుండెను. లోపల పొంగు అణగెడిది. చెవి దగ్గరగా పెట్టి లోపలి చప్పుడు వినుచుండెను. మన ఆడవారు కుండకు చెవియొగ్గి ఎసరు వచ్చినదో లేదో చెప్పుట నాకు జ్ఞాపకము వచ్చినది. “ఏల ఇంత నెమ్మది?” అని నేనడిగితిని. “నిప్పు తొందరపడినచో వేరు కాలిన వాసన వచ్చును, ఆ వాసన ఇక జన్మలో పోదు” అని యతడు జవాబు చెప్పెను.

వట్టివేరు చాల మొండిది. పూలు తమ వాసనను కొద్దిగంటలలో ఇచ్చివేయును. వేరు రేయింబవళ్ళు కాచినను కొంచెము కొంచెముగా ఇచ్చును. నూరు కిలోల వేళ్ళకు ఒక కిలో నూనె వచ్చుట కూడ గగనమే. రాగిపాత్రలలో తీసిన రూహ్ పచ్చగా నుండును; ఆ పచ్చదనము రాగి యిచ్చినదే. ఉక్కుపాత్రలలో తీసినది గోధుమవన్నెగా వచ్చును.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఈ వాసన ఇంత నిదానమేల? నిమ్మతొక్కను గిల్లిన వెంటనే వాసన గుప్పున లేచి, కొన్ని నిమిషములలో మాయమగును. ఆ వాసననిచ్చు ముఖ్యపదార్థపు ఒక్కొక్క అణువులో 10 కర్బన పరమాణువులుండును. వట్టివేరు నూనెలో నూటికి పైగా పదార్థములున్నవి. వానిలో ముఖ్యమైనవి 15 కర్బన పరమాణువులు గలవి. అవి బరువైనవి, గాలిలోనికి లేచుటకు సమయము పట్టును. చందనమందలి ముఖ్యపదార్థములును 15 కర్బనములవే. కావున వట్టివేరును చందనమున కలుపుట యనగా, నెమ్మదిగా నడచువానిని నెమ్మదిగా నడచువానితో జతచేయుట. ఒకడు ముందు పరుగెత్తడు, ఒకడు వెనుకబడడు. సాయంకాలము రాచినది మరునాటి ఉదయమునకు కూడ అదే నడకలో నుండును. అత్తరు సాయిబు “రేపు ప్రొద్దున చెప్పండి” అన్నది ఇందుకే.

చిమ్ముడు సీసాలలో హెచ్చుపాలు మద్యసారము. అది చర్మము తాకిన మరుక్షణమే ఎగిరిపోవుచు, వాసనను తనతో కొంత మోసికొనిపోయి గదియంతయు నింపును. మనిషి గుమ్మములోనికి రాకముందే వాని వాసన లోనికి వచ్చును. అత్తరులో మద్యసారము లేదు. అందుచేతనే మద్యమును వర్జించు ముసల్మానులలో అది బాగుగా నిలిచినది. మోసుకొనిపోవువాడు లేడు గనుక వాసన మనిషిని విడిచి దూరము పోదు. చెంతకు చేరినవానికే తెలియును. అత్తరు రాచుకొన్నవాడు వీథిలో నడచిపోయినను ఎవ్వరును వెనుదిరిగి చూడరు. వాని చెంత కూర్చుండి కాగితము చదివి వినిపించువానికి, వాని ఒడిలో కూర్చున్న బిడ్డకు తెలియును. పెద్దవారికి ఇది ఇష్టమగుటలో వింతలేదు. వయసులోనివానికి దూరపువారు చూడవలెను. మనకు చెంతకు వచ్చువారు చాలును.

వట్టివేరు వాసనను మట్టివాసనతో పోల్చుట వాడుక. ఇందొక ముచ్చట చెప్పవలెను. తొలకరి చినుకు పడినపుడు నేలనుండి లేచు వాసనను గూడ కన్నోజువారు వదలలేదు. చెరువు మట్టిని బిళ్ళలుగా చేసి కాల్చి, డేగ్‌లో వేసి కాచి, ఆ ఆవిరిని చందనములో పట్టుదురు. దానిని మిట్టీ అత్తరు అందురు. 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనువారు ఎండిన రాళ్ళనుండి, మట్టినుండి వానకు లేచు ఈ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టి వ్యాసము ప్రకటించిరి. ఉత్తరప్రదేశమున ఈ వాసనను చందనపు నూనెలో పట్టి అమ్ముదురని వారును వ్రాసిరి. మన బట్టీవారు పేరు పెట్టక ముందే సీసాలో పోసిరి!

పడమటి దేశములలో గూడ వట్టివేరును పురుషుల పరిమళముగనే స్వీకరించిరి. పారిసులో కార్వెన్ అను సంస్థ 1957లోను, గెర్లాన్ అను సంస్థ 1959లోను ఈ వేరి పేరుతోనే పురుషుల పరిమళజలములను వెలువరించిరి. వారి వేళ్ళు చాలవరకు హైతి, జావా, రీయూనియన్ దీవులనుండి వచ్చినవి. అచ్చటను నేటికి అది “పెద్దవారి వాసన” యనియే పేరు. తరములు మారినను నవ్వుమాత్రము అన్ని దేశములలో నొక్కటే కాబోలు.

ముక్కు సంగతి కొంచెము చెప్పి ముందునకు పోయెదను. ముక్కు లోపల పైభాగమున వాసనలను పట్టు గ్రాహకములు సుమారు 400 రకములున్నవి. వీనికి మూలమైన బీజములను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అందులకు 2004లో వారికి నోబెల్ బహుమానము లభించినది. చూపు, వినికిడి మెదడులోని ఒక నడిమి కచేరీలో హాజరు వేయించుకొని గాని పై స్థానములకు పోవు. వాసనకు ఆ కచేరీతో పనిలేదు. అది నేరుగా భావములకు, జ్ఞాపకములకు నెలవులైన చోట్లకు పోవును. అందుచేత ఒక వాసన తగులగనే, ఇది యేమి వాసన అని పేరు చెప్పలేకముందే, కంఠము గద్గదమగుట కలదు.

మా నాయనగారు 1974లో కాలధర్మము చెందిరి. ఆ పెట్టెను మా అమ్మగారు భద్రపరచిరి. ఆమె తరువాత, 1998లో, అది నా చేతికి వచ్చినది. మూత తీసితిని. అరుగు, ఉతికిన ధోవతి, పొడుముడబ్బా, ఆయన దగ్గు, అన్నియు ఒక్కసారిగా వచ్చినవి. నేను ఆయనను “తాతల వాసన” అని వెక్కిరించిన దినము కూడ వచ్చినది. ఆయన విన్నారు, ఏమియు అనలేదు. ఆ దినమును నేను ఇరువది నాలుగేండ్లు మరచియుంటిని.

సీసాలో మిగిలినది కొద్ది చుక్కలు. క్రొత్తది తెచ్చుకొందమని పట్టణమునకు పోయి, ఒక దుకాణమున వట్టివేళ్ళ అత్తరు అడిగి తెచ్చితిని. దుకాణములో చేతిమీద రాచినపుడు అచ్చముగా అదే. సంతోషముతో ఇంటికి వచ్చితిని. రాత్రికి వాసన పలుచబడినది. తెల్లవారి చూచితిని గదా, చేతిమీద జిడ్డున్నది, వాసన లేదు. మా నాయనగారి సీసాలోని చుక్క దూదితో ఇంకొక చేతికి రాచి చూచితిని. మూడవ దినమున స్నానము చేసిన పిదప కూడ మణికట్టున ఇంకను లీలగా తగులుచుండెను. వేరు అదే కావచ్చును. కూర్చుండబెట్టు పీట మారినది.

కారణము కన్నోజులో తెలిసినది. చందనము ప్రియమైపోయినది. చందనవృక్షము పరాన్నభుక్కు; ప్రక్కచెట్ల వేళ్ళనుండి కొంత ఆహారము పీల్చుకొని పెరుగును. లోపల చేవ కట్టి నూనె పట్టుటకు ఇరువది ముప్పది యేండ్లు కావలెను. మైసూరు రాజ్యమున అది సర్కారు వృక్షము. 1916లో మైసూరున గంధపునూనె కర్మాగారము పెట్టిరి. రైతు పొలములో మొలచిన చందనము కూడ రైతుది కాదు; దొంగలు నరికికొనిపోయిన జవాబు చెప్పవలసినవాడు మాత్రము రైతే. ఇట్టి చట్టమునకు ఫలమేమి? మొక్క కనబడగనే పెరికివేయువారే హెచ్చు. దొంగనరుకుళ్ళు అడవిని ఖాళీచేసినవి. 1998లో ఈ జాతిని అంతర్జాతీయ సంస్థవారు అపాయమునకు గురియగు వానిలో చేర్చిరి. కర్ణాటక ప్రభుత్వము వారు 2001లో చట్టము సవరించి, తన నేలలోని చందనము రైతుదేనని యొప్పుకొనిరి. మంచి పనియే గాని, ఆనాడు నాటిన మొక్కలు ఇప్పటికి గదా చేవ పట్టుచున్నవి! నేడు మంచి గంధపునూనె కిలో లక్ష రూపాయలకు మించియున్నది.

కావున బట్టీలలో చాలమంది చందనమునకు బదులు పారఫిన్ నూనె పోయుచున్నారు. ప్లాస్టిక్ మెత్తబరచుటకు వాడు రసాయనద్రవములను పోయువారును కలరు. ఇవి చవుక, వాసన లేనివి. వానిలోనికి కూడ పరిమళము దిగును. కాని చందనము పట్టుకొన్నట్లు పట్టుకొనవు. చందనము తన మెత్తని తీపిని క్రిందనుండి ఇచ్చుచు, వేరిలోని చేదును, మట్టిదనమును కుదుర్చును. పారఫిన్‌కు ఇచ్చుటకేమియు లేదు. నేను దుకాణదారుని నిందింపను. నేనిచ్చిన వెలకు చందనము రాదు. ఆ సంగతి నేనడుగలేదు, అతడు చెప్పలేదు. నా ఫిర్యాదు పేరును గురించి. చందనము లేనిదానిని చందనము లేనిదనియే అమ్మవచ్చును గదా. రెండింటికిని ఒకటే పేరైనపుడు, నిజమైనదానిని ఎరిగిన ముక్కులు పోయిన తరువాత, అసలైనది ఇట్లుండునని చెప్పువాడెవడు? నా మనుమలు క్రొత్త సీసా వాసన చూచి, తాతగారి తండ్రి రాచుకొన్నది ఇదేనని అనుకొందురు. నన్ను బాధించునది ఇదే.

కొనదలచినవారికి రెండు మాటలు. దుకాణములో నిర్ణయింపవద్దు. ఒక చుక్క మణికట్టు మీద, ఒక చుక్క తెల్లకాగితము మీద వేయించుకొని ఇంటికి పోయి, మరునాడు రెండును చూడుడు. కాగితము మీద పెద్ద జిడ్డుమరక మిగిలి వాసన పోయినచో అది పారఫిన్ కావచ్చును. కొంచెము గాటైన మద్యసారములో చుక్క వేసిన చందనము కరగిపోవును. పారఫిన్ కరగక తేలును. ప్లాస్టిక్ ద్రవములు మాత్రము మద్యసారములో కరగును గనుక, వానిని ఈ పరీక్ష పట్టలేదు. వానికి ప్రయోగశాలయే శరణ్యము. అన్నిటికంటె మేలు, వర్తకుని సూటిగా అడుగుట: “ఇందులో చందనమున్నదా, లేదా? లేనిచో దేనిలో తీసినారు?” సూటిగా అడిగినవానికి సూటిగా చెప్పు వర్తకులు నేటికిని ఉన్నారు. అంత వెల పెట్టలేనివారు రూహ్‌ను అర తులము కొని, దానినే పొదుపుగా వాడవచ్చును. అందులో కలుపు లేనప్పుడు పీటతో పనిలేదు. అదియు లేకున్న, నాలుగు వట్టివేళ్ళు బట్టలపెట్టెలో వేసికొనుట మన తాతల నాటి యుపాయమే.

సీసాను ఎండ తగులని చోట బిరడా బిగించి ఉంచవలెను. దూదిని చెవి పైమడతలోనే పెట్టవలెను గాని రంధ్రములోనికి త్రోయరాదు. చర్మము మంటయెత్తు స్వభావము గలవారు బట్ట అంచునకు రాచుకొనుట మేలు.

మరియొకటి. అరువది, డెబ్బది దాటినకొలది మనకు చూపువలెనే ముక్కును మందగించును. కాని చూపు తగ్గినట్లు తెలిసినంత స్పష్టముగా ఇది తెలియదు. పైగా యే వాసనయైనను కొన్ని నిమిషములలో ముక్కునకు అలవాటై, లేనట్లే తోచును. అప్పుడు ముసలివాడు ఇంకొక చుక్క, దానిమీద నింకొక చుక్క రాచుకొనును. పిల్లలు నవ్వునది చాలసార్లు ఈ మూడవ చుక్కను చూచియే. నేనొక యేర్పాటు చేసికొంటిని. దూది పెట్టుకొన్న పిదప నా చిన్న మనుమరాలిని పిలిచి దగ్గర కూర్చుండబెట్టుకొందును. “తాతయ్యా, చాలు” అని ఆమె యన్నచో సీసాకు మూత పెట్టుదును.